సొట్టసేరు కొలత

1963లో కడప ఆకాశవాణి మొదలైనప్పటినుంచీ మా ఊళ్లవాళ్లకి రేడియోలో గరగర అలవాటే. మా అబ్బాయికి మాత్రం అది పనికిరాదు. ఆరునెలలు కూర్చుని హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ సొంతంగా బిగించుకున్నాడు. అది పాటకి ఎంత గరగర, ఎంత వంకర చేరుస్తోందో కొలవాలట. అందుకు కంప్యూటర్‌కి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలిట.

"చౌకగా దొరికేది తెచ్చుకోరాదట్రా?" అన్నాను.

"సొట్టపడిన సేరుతో శెనక్కాయలు కొలిపించుకుంటావా అమ్మా?" అన్నాడు.

నిజమే కదండీ! కొలిచేదానికే గరగర ఉంటే నేరం ఎవరిదని తేల్చడం? డబ్బామీద 24 బిట్లు, 192 కిలోహెర్ట్జులు అని చూసి మురిసిపోతే చాలదు. మన చెవికి వినబడేది మహా అయితే 20 నుంచి 20,000 హెర్ట్జులే. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే తీగతో కలిపి కొలిస్తే దాని సొంత లోపం బయటపడుతుంది. ఖాళీగిన్నె ముందు తూచుకున్నట్టన్నమాట. కాకపోతే గిన్నెబరువులా దీన్ని తీసేసి లెక్కకట్టడం కుదరదు. యాంప్లిఫయర్ లోపంకంటే ఇది బాగా తక్కువుండాల్సిందే. ఇన్‌పుట్ ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో కూడా చూడాలి. తట్టుకోలేకపోతే తనే వంకర పుట్టించి, నింద యాంప్లిఫయర్‌మీద వేస్తుంది. హెడ్‌ఫోన్ బదులు 32 ఓముల రెసిస్టర్ తగిలించి మరీ కొలవాలిట. బరువెత్తకుండా బలమెలా తెలుస్తుంది?

తప్పుడు అంకె వచ్చిందంటే పిల్లవాడి ఆరునెలల కష్టం విప్పి మూలపడేస్తాడు. అందుకే ఖర్చు కాస్త ఎక్కువైనా సరేనన్నాను.

అన్నట్టు, కొత్తకోడలి వంటకి వంకలుపెట్టే నాలుకలకీ ముందు ఇలాంటి పరీక్ష ఉంటే ఎంత బాగుండును!