నీళ్ల మీద నడిచేవాళ్ల కబుర్లు

ఏమండీ, బందరు కాలువ గట్టున ఇన్నేళ్లుగా తిరుగుతున్నారు కదా, ఒక్కసారైనా వంగి అంచున నీళ్లకేసి చూశారా? చూడరు. ప్రకాశం బ్యారేజీ మీద గాలి పోసుకుంటారు, మొక్కజొన్న పొత్తు తింటారు, ఇంటికెళ్లిపోతారు. మీ కాళ్ల దగ్గరే, గట్టు నీడన నీరు మందగించిన చోట, పొడుగు కాళ్ల పురుగొకటి నీళ్ల మీద నించుని ఉంటుంది. తేలుతోందనుకునేరు! నిక్షేపంగా నించుంటుంది. పొట్ట తడవదు, కాలూ తడవదు.

ఎలాగంటారా? నీటి పైపొరలో అణువులు ఒకదాన్నొకటి లాక్కుని బిగువుగా ఉంటాయి. బళ్లో దీనికే తలతన్యత అని పేరు చెప్పి, నిర్వచనం బట్టీ పట్టించి, ఈ పురుగుని మాత్రం చూపించకుండా వదిలేస్తారు. ఎంత అన్యాయమండీ! కాలు మోపిన చోట ఆ పొర చిన్న గుంటలా లోపలికి వంగుతుంది, చిరగదు. పురుగు కాళ్ల నిండా కంటికి ఆనని వేల వెంట్రుకలు. ఒక్కో వెంట్రుక మీద మళ్లీ సన్నటి గాళ్లు. వాటిలో గాలి ఇరుక్కుని ఉంటే ఇంక నీరెక్కడ అంటుతుంది? 2004లో చైనా శాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, ఒక్క కాలే ఒంటి బరువుకి 15 రెట్లు మోయగలదని తేలింది.

మరి మనమో అని అడగబోతున్నారు, నాకు తెలుసు. లెక్క వేద్దాం రండి. పాదం అంచు మీటరు పొడవుంటే ఈ బిగువు మోసేది ఏడు గ్రాముల పైచిలుకు. 60 కిలోల మనిషి నిలబడాలంటే రెండు పాదాల చుట్టుకొలత కలిపి 8 కిలోమీటర్లు దాటాలి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. అంటే దాదాపు ఏడు బ్యారేజీలంత! అంత పాదాలకి చెప్పులెవరు కుడతారు?

నించోడం సరే, నడక సంగతి చూడండి. ముందు కాళ్లు పొట్టివి, తిండి పట్టుకోడానికి. నడిమి జత తెడ్లు. వెనక జత చుక్కాని. ఈ తెడ్లతోనే పెద్ద చిక్కొచ్చి పడింది. అలల్ని వెనక్కి నెట్టి పురుగు ముందుకి పోతుందని అనుకునేవారు. అలలు పుట్టాలంటే కాలు సెకనుకి 23 సెంటీమీటర్ల కన్నా వేగంగా ఆడాలి. పిల్ల పురుగుల కాళ్లకి అంత జోరు లేదు. లెక్క ప్రకారం అవి కదలకూడదు. అవేమో హాయిగా పరిగెడుతున్నాయి! 2003లో అమెరికాలో శాస్త్రవేత్త జాన్ బుష్ బృందం నీళ్లలో రంగు కలిపి, చిత్రం తీసి చూసింది. కాలు ఆడిన ప్రతిసారీ నీటి పొర కింద చిన్న చిన్న సుడులు పుట్టి వెనక్కి పోతున్నాయి. పిల్లలకి కావలసిన తోపుడంతా అందులో ఉంది.

చూడాలనిపిస్తోందా? అయితే బట్టలుతికే రేవు దగ్గర మాత్రం వెతక్కండి. సబ్బు కలిస్తే నీటి బిగువు సడలిపోతుంది, పాపం అవి మునుగుతాయి.

సార్వా నాట్లయ్యాక పొలం గట్టు మీదికి రండి. మడి నీళ్ల మీద నువ్వుగింజ కన్నా చిన్న పురుగులు చకచకా తిరుగుతుంటాయి. మైక్రోవీలియా అంటారు. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమ తెలుసు కదా, చేలకి చేలే మాడ్చేసేది? దాని పిల్లలు జారి నీళ్లలో పడితే ఇవి మూగేస్తాయి. కాలికి తగిలిన చిన్న అల చాలు, ఎక్కడ పడిందో పసిగడతాయి. తోడేలు సాలీడు కూడా అదే నీటి మీద పరిగెత్తి వేటాడుతుంది. కూలి అడగని కాపలా ఇది! దోమ కనబడగానే తొందరపడి మందు కొట్టేస్తే ముందు పోయేది వీళ్లే. అందుకే ఒకసారి వంగి నీళ్లు చూడండని నా పోరు.

ఇంకో తమాషా. చిన్నప్పుడు కర్పూరం పలుకు నీళ్లలో వేస్తే గిరగిరా పరిగెత్తేది, గుర్తుందా? దాని చుట్టూ నీటి బిగువు ఒక వైపు తగ్గితే, రెండో వైపు బిగువు దాన్ని లాక్కుపోతుంది. మైక్రోవీలియా బెదిరితే అచ్చం ఆ పనే చేస్తుంది. వెనకాల చుక్క ద్రవం వదులుతుంది, ముందున్న నీరు పురుగుని చటుక్కున లాగేస్తుంది. కాలు కదపక్కర్లేదు!

వీళ్ల చుట్టాలు సముద్రంలోనూ ఉన్నారు. నడిసంద్రంలో, కనుచూపు మేర నేల లేని చోట, అల మీదే పుట్టి అల మీదే బతికే పురుగులు. హిందూ మహాసముద్రంలోనూ కనిపిస్తాయి. గుడ్లు పెట్టడానికి తేలే ఈక దొరికితే చాలు.

కప్పని మర్చిపోతే నొచ్చుకుంటుంది. మన చెరువుల్లో కళ్లు మాత్రం పైకి పెట్టి తేలే నీటికప్ప లేదూ? అడుగు చప్పుడైతే నీళ్ల మీద టపటపా గెంతుకుంటూ పోతుంది. దాన్ని నిలబెట్టేది నీటి పొర కాదు, కాళ్ల తాపుల బలం. హిందుస్థాన్ వచ్చిన బాబరు దాన్ని చూసి ముచ్చటపడి, ఇక్కడి కప్పలు ఆరేడు గజాల దూరం నీళ్ల మీద పరిగెడతాయని తన ఆత్మకథలో రాసుకున్నాడు. యుద్ధాల మధ్య ఆయనకి తీరిక దొరికింది, మీకు దొరకదా? మీ ఊరి చెరువులో ఆ గజాల లెక్క సరిపోయిందో లేదో చూసొచ్చి చెప్పండి. ఆరుకి తగ్గితే నేనూ వస్తాను, మళ్లీ కొలుద్దాం.