కాశిబుగ్గలో బుడగలు

కాశిబుగ్గ అనగానే చాలామందికి శ్రీకాకుళం జిల్లా గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయేది వరంగల్లు కాశిబుగ్గ సంగతి. బుగ్గ అంటే నేలలోంచి ఉబికే ఊట. ఆ పేరు మీది మోజుతో ఒకనాటి సాయంకాలం స్టేషను దగ్గర బ్యాటరీ ఆటో ఎక్కాను. పేటలో అడుగుపెట్టామో లేదో, ఆటో రెండుసార్లు మూలిగి ఆగిపోయింది.

డ్రైవరు కుర్రవాడు దానిని తోసుకుంటూ ఒక బ్యాటరీ దుకాణం చేర్చాడు. వెనుకనుంచి నేనూ ఒక చెయ్యి వేశాను. ఆయాసం తీర్చుకుందామని సిగరెట్టు నోట పెట్టి అగ్గిపెట్టె తీసేసరికి, లోపలినుంచి పెద్దాయన కేకవేశాడు:

"సారూ, పుల్ల గియ్యకుండ్రి! ఆవలికి నడువుండ్రి!"

నాకు కోపం వచ్చిన మాట నిజమే. కాని ఆయనే నన్ను పిలిచి, చార్జింగులో ఉన్న ఒక బ్యాటరీ మూత విప్పి చూపించాడు. లోపల సన్నసన్నని బుడగలు లేస్తున్నాయి.

"గిది నిండింది. నిండిన కుండల ఇంకా పోస్తే పొర్లుతది గద? గట్లనే గ్యాసు లేస్తది. దానికి అగ్గి తగిలితే డబ్బ పేలి యాసిడు కండ్లల్ల పడుతది."

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీ వంటిదే ఇదీ. పలచని గంధకికామ్లంలో సీసపు పలకలు ఉంటాయి. కరెంటు ఎక్కిస్తే పలకల మీది పదార్థం మారి శక్తిని దాచుకుంటుంది. వాడుకుంటే మళ్లీ వెనక్కు మారుతుంది. మారవలసినదంతా మారిన తరువాత వచ్చే కరెంటు నీటినే చీల్చి ఉదజనిని, ప్రాణవాయువును విడదీస్తుంది. ఉదజని అంటే హైడ్రోజనే. గాలిలో అది నూటికి 4 పాళ్లు చేరితే చాలు, నిప్పురవ్వకు భగ్గుమంటుంది.

ఈ దుకాణంలో గండమైనది మరొకచోట పెన్నిధి. కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే రైలుదారిలో రామగుండం ఉంది. అక్కడ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సౌర పలకలు 2022 నుంచి కరెంటు ఇస్తున్నాయి. పొద్దు గుంకితే అవీ నిద్రపోతాయి. పగటి కరెంటును రాత్రికి దాచేది బ్యాటరీ. నెలల తరబడి నిలవ ఉంచాలన్నా, ఎరువుల కర్మాగారాలకు అందించాలన్నా ఉదజని కావాలి. అందుకే 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఉదజని కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అయితే కిలో ఉదజని తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు, 9 లీటర్ల నీరు ఖర్చవుతాయి. దానిని తిరిగి కరెంటు చేస్తే సగమైనా చేతికి రాదు. బ్యాటరీలో ముప్పాతిక వంతు దాకా దక్కుతుంది. రోజూ నింపి రోజూ వాడుకునే ఆటోవాడికి బ్యాటరీయే మేలు.

కాని ఆ బ్యాటరీయే ఇప్పుడు చచ్చి కూర్చుంది. నాలుగింటిలో ఒకటి పాడైనా బండి కదలదట.

"తాతా, రాత్రికి నడవకుంటే రేపు కిస్తీ కట్టలేను," అన్నాడు కుర్రవాడు, గొంతు తగ్గించి.

పెద్దాయన ఏమీ అనకుండా లోపలికి పోయి, నిండిన బ్యాటరీ ఒకటి మోసుకువచ్చి బిగించాడు. "పొద్దుగాల తెచ్చియ్యి," అన్నాడు, అంతే.

చీకటి పడింది. బుగ్గ చూడబోయి బుడగలు చూసి తిరిగివచ్చాను. అగ్గిపెట్టె మాత్రం స్టేషను చేరేదాకా జేబులోంచి తీస్తే ఒట్టు!