కడెం ఒడ్డున ఒక సోమవారం

పాస్టరుకు సోమవారమే ఆదివారం. క్రిస్మస్ పండుగ, కొత్త సంవత్సరపు ఆరాధన, ఇంటింటి ప్రార్థనలు ముగిసి నాకు కాస్త ఊపిరి ఆడేసరికి జనవరి సగం గడిచిపోయింది. కడెం దిక్కున నేను చూసుకునే చిన్న సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు. "అయ్యగారూ, ఒక్కనాడు గాలం ఏద్దాం రాండ్రి" అని ఏడాదిగా పిలుస్తున్నాడు. ఆయనకు రెండు సంఘాలు. ఒకటి మాది, రెండవది మత్స్యకారుల సహకార సంఘం. ప్రాజెక్టులో చేపలు పట్టే హక్కు ఆ రెండవ సంఘానిది గనుక, ఆయన వెంట ఉంటే నన్ను ఎవరూ ఆపరు. మొదటి సంఘంలో ఆయన సంగతి కొంచెం ఆగి చెబుతాను.

నిర్మల్‌లో ఆదివారం సాయంత్రమే నా ఏర్పాట్లు మొదలయ్యాయి. గాలానికి బెండు కావాలి గదా! మా ఇంటికి దగ్గరలో కొయ్యబొమ్మలు చేసేవారు ఉన్నారు. నిర్మల్ బొమ్మలకు వాడేది పొనికి కర్ర. ఎంత మెత్తనిదో అంత తేలికైనది. రంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపి అతుకులు పూడ్చి, పైన రంగులు దిద్దితే సీతాఫలం చెట్టు మీద నుండి ఇప్పుడే కోసినట్లు ఉంటుంది. వారి ముంగిట పడి ఉన్న వేలెడంత ముక్కను అడిగి తెచ్చుకుని, నున్నగా చెక్కి, సగానికి ఎర్రరంగు పూశాను. మా ఇంటావిడ చూసి, "మీకు దొరకబోయే చేపకన్నా ఈ బెండే అందంగా ఉన్నది" అన్నది. అది ప్రవచనమని అప్పుడు నాకు తెలియలేదు.

తెల్లవారకముందే మోటారు సైకిలు మీద బయలుదేరాను. ఖానాపూర్ మీదుగా కడెం సుమారు 50 కిలోమీటర్లు. జనవరిలో మా వైపు చలి ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెప్పినా తెలియదు. స్వెటరు మీద శాలువా కప్పుకున్నా చేతివేళ్ళు బండి పిడికి అతుక్కుపోయాయి. దారి పొడుగునా టేకుచెట్ల మధ్య మంచు. పసుపు చేలల్లో ఆకు ఎండి వాలిపోయి ఉంది. ఖానాపూర్‌లో ఒక చాయ్ తాగి, వేళ్ళు కదులుతున్నాయని నిశ్చయించుకుని మళ్ళీ బండెక్కాను.

కడెం వాగు బోథ్ వైపు గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, అడవుల గుండా వచ్చి ఇక్కడ ఆనకట్ట ముందు నిలుస్తుంది. 18 గేట్ల ఆనకట్ట అది. జలాశయం నిండితే నీటిమట్టం 700 అడుగులు. జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట వైపు వరకు సుమారు 68 వేల ఎకరాల ఆయకట్టు దీని మీద ఆధారపడి ఉంది. ఉదయపు వేళ ఆ నీటిని చూస్తే దానికి కోపమన్నదే తెలియదనిపిస్తుంది. కాని 1958 ఆగస్టులో వరద కట్ట మీదుగా పొర్లి గండ్లు పెట్టింది. 2022 జూలైలో గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ నీరు వచ్చి పైనుండి పొర్లుతుంటే, కింది ఊళ్ళవారిని రాత్రికి రాత్రి ఇళ్ళలో నుండి లేపి పంపించవలసి వచ్చింది. మరుసటి ఏడు జూలైలోనూ గేట్ల మీదుగా నీరు పారింది.

ఆ 2022 వరదలోనే పెద్దాయన తెప్ప, మూడు వలలు కొట్టుకుపోయాయి. "ప్రాణాలు దక్కినయి, దేవునికి స్తోత్రం. మా చేపంత గంగల కలిసింది" అన్నాడు. మా వైపు గోదావరిని గంగ అనే అంటారు. గేట్లెత్తితే నీటితోపాటు చేప కూడా కిందికి పోతుంది. ఆ ఏడు సంఘం పోసుకున్న చేపపిల్లల సంగతి కూడా అంతే.

చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఇక్కడున్నది. వరద తగ్గిన తరువాత వచ్చిన ఒక ఆదివారం నేను లూకా సువార్త ఐదవ అధ్యాయం మీద ప్రసంగించాను. పేతురు రాత్రంతా కష్టపడి ఏమీ పట్టలేకపోయిన సంగతి. ప్రభువు లేని వల ఖాళీగానే వస్తుందనీ, మన వల ఖాళీ అయితే లోపం మన విశ్వాసంలో వెదకాలనీ గట్టిగా చెప్పాను. డిప్లొమా చదివే రోజుల్లో తయారు చేసుకున్న, మూడు తలంపుల ప్రసంగం అది. మూడు ఊళ్ళలో మెప్పు పొందింది. నాలుగవ ఊళ్ళో, వలలు పోగొట్టుకున్న మనిషి ముందు వరుసలో చాప మీద కూర్చుని ఉండగా చెప్పాను.

మరుసటి ఆదివారం నుండి ఆయన తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చోవడం మొదలుపెట్టాడు. కానుక మానలేదు. ప్రార్థన మానలేదు. నన్ను చూసి ముఖం తిప్పుకోలేదు. చోటు మాత్రం మారింది. అది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది; అదీ మా ఇంటావిడ చెబితే. ఆ మీదట క్షమాపణ అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకోవడం వేరు, నోరు తెరవడం వేరు.

ఆ సోమవారం ఆనకట్టకు దూరంగా, ఊరి వైపు ఒడ్డున ఒక బండరాయి చూసుకుని కూర్చున్నాం. ఆయన వెదురు బొంగుకు దారం కడుతూ నా బెండు చేతికి తీసుకున్నాడు.

"ఇది బెండా, బొమ్మా అయ్యగారూ?"

"పొనికి కర్ర తాతా, తేలుతుంది."

"తేలుతది. ఇది చూసి చేప నవ్వుకుంటది."

ఎరకు వానపాములు, మక్కపిండి ముద్ద రెండూ తెచ్చాడు. చలికి చేప లోతుకు పోతుందనీ, ఎండ ఎక్కితే ఒడ్డుకు వస్తుందనీ, అంతవరకు కూర్చోవడమే పని అనీ చెప్పాడు. ఎండ ఎక్కింది. చేప రాలేదు. మాకు ఎదురుగా ఒక నీటికాకి మాత్రం మునిగి లేచిన ప్రతిసారీ ముక్కున ఏదో ఒకటి మెరిపిస్తూ లేచింది. దానికి గాలం లేదు, సహకార సంఘంలో సభ్యత్వమూ లేదు.

పది గంటల ప్రాంతంలో నా బెండు వణికింది. గభాలున గుంజాను. ఉత్త కొక్కెం వచ్చింది. మళ్ళీ ఎర గుచ్చి వేశాను. మళ్ళీ వణికింది, మళ్ళీ గుంజాను. ఐదారుసార్లు ఇలా అయ్యాక పెద్దాయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"వణికితే గుంజద్దు అయ్యగారూ. అది చిన్నచేప గిల్లుడు. బెండు మునిగితేనే గుంజాలె. ప్రార్థన కాకముందే మీరు ఆమేన్ అంటున్నరు."

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు విని చాలా కాలమైంది. ఆ తరువాత నాకు ఒక ఎండ్రికాయ దొరికింది. అది కూడా ఒడ్డుదాకా వచ్చి ఎర వదిలి పక్కకు నడిచి వెళ్ళిపోయింది. పెద్దాయనకు అదీ లేదు. యాభై ఏళ్ళుగా ఈ నీళ్ళలో బతికిన మనిషికి కూడా ఆ రోజు ఒక్క పరకపిల్ల పడలేదంటే నాకు కొంత ధైర్యం వచ్చిందని ఒప్పుకుంటాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, ఉల్లిగడ్డ తిన్నాం. ఎండ వెచ్చగా వీపుకు తగులుతున్నది. నేను నీళ్ళ వైపు చూస్తూనే అడిగాను.

"తాతా, ఆ రాత్రి పేతురు ఏం తప్పు చేశాడంటావు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. గాలం తీసి, ఎర మార్చి, మళ్ళీ వేశాడు.

"తప్పేముంటది అయ్యగారూ? కొన్ని రాత్రులు పడయి."

కాసేపాగి, "పొద్దుగాల వాళ్ళు వలలు కడుగుతున్నట్టు ఉన్నది గదా ఆ అధ్యాయంల? ఇగ చాలు, మళ్ళ పోను అనుకున్నోడు వల కడగడు" అన్నాడు.

నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేని అధ్యాయం అది. వలలు కడగడం దగ్గర నేను ఒక్కసారి కూడా ఆగలేదు. వలలు పిగిలిపోయేంత చేపల దగ్గరికి ఎప్పుడూ తొందరగానే నడిచాను. ఆ కాలపు వలలు అవిసెనారతో అల్లినవనీ, గెన్నేసరెతు సరస్సులో పగటివేళ చేపకు వల కనబడుతుంది కనుక రాత్రి పట్టేవారని చెబుతారనీ నాకు తెలిసింది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "నార వల అయితే రోజూ కడగాల్సిందే. కడిగి ఆరెయ్యకుంటే కుళ్ళుతది. నైలాన్‌కు ఆ బాధ లేదు" అన్నాడు. ఇంత చిన్న మాటకు నా దగ్గర ఒక పుస్తకం ఉన్నది, ఆయనకు చేతులున్నాయి.

అప్పుడే చెప్పకపోతే ఇక చెప్పలేననిపించింది.

"తాతా, వరద తరువాత నేను చెప్పిన ప్రసంగం తప్పు. నీ ముందు ఆ మాట అనకూడదు. ఎవరి ముందూ అనకూడదు."

ఆయన నా వైపు చూడలేదు. "బెండు చూడుండ్రి!" అన్నాడు.

ఎర్రబెండు నిజంగానే మునిగిపోయింది. ఈసారి ఆమేన్ సరైన వేళకే చెప్పాను. బొంగు విల్లులా వంగింది. కొర్రమీనో, బొచ్చెనో, ఏదో చాలా పెద్దదే. నేను లేచి నిలబడ్డాను, పెద్దాయన కూడా లేచాడు. గుంజినకొద్దీ అది కదలదు. ఆయనే దారం పట్టి చూసి తల ఊపాడు. అది నీళ్ళలో మునిగి ఉన్న పాత చెట్టు మోడు. ఇంకొక్కసారి గుంజేసరికి దారం తెగింది. నా పొనికి బెండు ఆ మోడుకు చిక్కుకుని, ఒడ్డుకు ఇరవై గజాల దూరంలో ఎర్రగా ఊగుతూ ఉండిపోయింది.

దాని తరువాత ఇంకో గంట కూర్చున్నాం. చేపల కోసం కాదనుకుంటాను. తన మనుమరాలు ఖానాపూర్‌లో చదువుతున్న సంగతి, కొత్త థర్మోకోల్ తెప్ప సంగతి, చనిపోయిన భార్య చేపల పులుసులో మెంతులు ఎంత వేసేదో ఆ సంగతీ చెప్పాడు. నా క్షమాపణకు మాత్రం జవాబు చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. మా ఇంటావిడ చింతపండు నానబెట్టి, మసాలా నూరి సిద్ధంగా ఉంచింది. నా సంచి చూసి, ఒక్క మాట కూడా అనకుండా నాలుగు కోడిగుడ్లు ఉడకబెట్టింది. పులుసు బాగా కుదిరింది.

తరువాతి ఆదివారం ఆయన ఎప్పటిలాగే తలుపు దగ్గర కూర్చున్నాడు. ఆరాధన ముగిసి నేను గుమ్మం దగ్గర అందరితో కరచాలనం చేస్తుంటే, ఆయన చొక్కా జేబులో నుండి ఎర్రబెండు తీసి నా చేతిలో పెట్టాడు. తెప్ప మీద వెళ్ళి మోడు నుండి విప్పుకొచ్చాడట. రంగు అక్కడక్కడ లేచిపోయింది.

"దీనికి ఇంకోసారి రంగెయ్యుండ్రి" అన్నాడు. "వచ్చే సోమవారం మబ్బు లేకుంటే ఫోన్ చేస్త."