పాలమ్మి లెక్క

పోస్టుమాన్ దారిలో జబ్బుపడితే సంచీలోని ఉత్తరాల గతేమిటి? నా ఉద్యోగమల్లా ఆ ప్రశ్నే. కంప్యూటర్ల మధ్య కబుర్లు చేరవేసే ర్యాబిట్‌ఎంక్యూ సర్వర్లు మా ఆఫీసులో మూడున్నాయి. సభలకు కోరం ఉన్నట్లే వీటికీ 2019 నుంచి 'కోరం క్యూ' అనే ఏర్పాటుంది. కనీసం రెండు సర్వర్లు రాసుకున్నాకే కబురు 'ముట్టింది' అంటాయి. ఒకటి పడిపోతే తక్కిన రెండూ తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుని పని సాగిస్తాయి. రెండూ పడిపోతే మాత్రం సభ వాయిదా!

ఒకనాటి అర్ధరాత్రి ఒకటి పడిపోయింది. ప్రోగ్రాములన్నీ తక్కినవాటికి మళ్ళాయి. ఒక్క కబురూ పోలేదు. గర్వంగా పడుకున్నాను.

తెల్లవారేసరికి ఒక పెద్దాయన ఫోను.

"బాబూ, కరెంటు బిల్లుకు రెండుసార్లు డబ్బు పట్టుకున్నారే! పింఛను మీద బతికేవాణ్ణి, నెలాఖరుదాకా ఎలా గడవాలి?"

జరిగిందేమిటంటే, డబ్బు పట్టుకున్న ప్రోగ్రాం 'పని అయింది' అని చెప్పబోయేలోపే సర్వర్ పడిపోయింది. జవాబు రాలేదు గనుక కొత్త పెద్ద అదే కబురు మళ్ళీ అందించింది. దాని తప్పేం లేదు. పోగొట్టడంకన్నా రెండుసార్లివ్వడమే మేలు గదా! బిల్లు నెంబరు చూసి, 'ఇది ఇదివరకు వచ్చిందే' అని పక్కన పెట్టవలసింది మేము. ఆ నాలుగు పంక్తులు రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దామని వాయిదా వేసింది నేను.

సాయంత్రానికి డబ్బు వెనక్కి పంపించి, ఆ రాత్రే ఆ పంక్తులు రాశాను. క్షమించమని ఫోను చేస్తే పెద్దాయన నవ్వాడు.

"మా పాలమ్మి నయం నాయనా! గోడమీద గీతలు చూసుకుని మరీ డబ్బడుగుతుంది."