నాలుగు కిలోల మష్వరా

మా తమ్ముడు షార్జా నుంచి ఫోన్ చేసి "భాయ్‌జాన్, ఒక మష్వరా కావాలె" అన్నాడంటే నాకు ముందు గుండె దడదడలాడుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు మష్వరా అడిగితే అది ప్లాటు గురించైనా ఉంటుంది, అమ్మీ తబియత్ గురించైనా ఉంటుంది. లేదంటే నౌకరీ పోయిన సంగతి మెల్లగా చెప్పడానికైనా ఉంటుంది. పోయిన నవంబర్‌లో అడిగింది మాత్రం ఒక చక్రం గురించి. కారు కింద తిరిగే చక్రం కాదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఎవరికీ కనిపించకుండా తిరిగే ఫ్లైవీల్.

"కంపెనీది ఎనిమిది కిలోల దాకా ఉంటది. నాలుగు కిలోలది దొరుకుతోంది, అల్యూమినియంది. వేద్దామా, నక్కోనా?"

మెకానిక్ వాడు. బోధన్‌లో లారీల షెడ్డులో ఉస్తాద్‌కు పానాలు అందిస్తూ మొదలుపెట్టి, 18 ఏళ్లుగా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్ల కింద పడుకుంటున్నవాడు. నేనా, పత్రికలో మూడేళ్లు ఆటో పేజీ చూశాను. కంపెనీల ప్రెస్‌నోట్లు తెలుగు చేయడమే తప్ప పానా పట్టింది లేదు. అయినా వాడి లెక్కలో డిగ్రీ చదివినవాడికి అన్నీ తెలుస్తాయి. "నాకు చేతితో తెలుస్తది భాయ్‌జాన్, హిసాబ్ నువ్వు చెయ్" అన్నాడు.

కారు సంగతి చెప్పాలి. 1997 నాటి మాజ్డా ఎంఎక్స్-5, 1.8 లీటర్ల ఇంజిన్, రెండే సీట్లు, లైట్లు వేస్తే కప్ప కళ్లలా పైకి లేస్తాయి. దేశం విడిచి వెళ్లే గిరాకీ ఒకాయన చవగ్గా ఇచ్చేసి పోయాడు. స్పోర్ట్స్ కారు అంటే మనవాళ్లకు ఫెరారీయే గుర్తొస్తుంది గానీ ఇది గరీబు షౌకీన్ల స్పోర్ట్స్ కారు. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. బరువు ఒక టన్నుకు అటూ ఇటూ. దీని వెనక ఆలోచన ఒక జర్నలిస్టుది అంటే తమ్ముడు నమ్మలేదు. 1970ల చివర్లో బాబ్ హాల్ అనే అమెరికా ఆటో పాత్రికేయుడు మాజ్డా పెద్దమనిషి కెనిచి యమమోతోతో, తేలికైన, సాదా, పైకప్పు తెరుచుకునే కారు ఒకటి చేయండని చెప్పాడు. తర్వాత మాజ్డావాళ్లు అతన్నే నౌకరీలో పెట్టుకున్నారు. మా బిరాదరీలో ఇలాంటి నసీబు అందరికీ ఉండదు.

ఈ కారుకు జపానువాళ్లు చెప్పుకునే ఉసూల్ 'జిన్‌బా ఇత్తాయ్'. గుర్రం, సవార్ ఒక్కటి కావడం అని అర్థం. గుర్రం మీద నుంచి బాణం వేసే వాళ్ల పాత విద్య నుంచి వచ్చిన మాట. అంత ఇష్టంగా చేశారు కాబట్టే మొదటి 1.6 ఇంజిన్‌కు కంపెనీయే క్రాంక్‌షాఫ్ట్‌నూ ఫ్లైవీల్‌నూ తేలిక చేసి పెట్టింది. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అసలు మాట ఏమంటే ఆ కారు నడిపేది మా తమ్ముడు కాదు, వాడి భార్య. ఇంట్లో అందరం దుల్హన్ అనే అంటాం. ఇద్దరు పిల్లల తల్లి అయినా ఆ పేరు పోలేదు. దుబాయిలో ఒక స్కూల్లో టీచర్. తమ్ముడికి షెడ్డు పికప్ ఉంది, పిల్లలకు స్కూలు బస్సు ఉంది, ఈ రెండు సీట్ల కారు ఆమె నౌకరీకి. లైసెన్సు నాలుగోసారికి వచ్చింది. ఆటోమేటిక్ లైసెన్సు తీసుకో, తొందరగా అయిపోతుందని అందరూ చెప్పారు. మాన్యువల్ తీసుకుంటే రెండూ నడపొచ్చు కదా, సగం ఎందుకు తీసుకోవాలె అని జిద్ పట్టింది. తెల్లారకముందే బయల్దేరుతుంది. సాయంత్రం అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద దుబాయి నుంచి షార్జాకు తిరిగొస్తుంది. ఆ రోడ్డు తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బండ్లు చీమల్లా కదులుతాయి, ఆగుతాయి, మళ్లీ కదులుతాయి.

ఇప్పుడు క్లచ్ జారడం మొదలైంది. ఇంకో నెల లాగొచ్చు. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. గేర్‌బాక్స్ దిగితే ఫ్లైవీల్ ఎదురుగా కనిపిస్తుంది. మళ్లీ ఇంత మెహనత్ ఎవరు చేస్తారు, మార్చేదేదో ఇప్పుడే మార్చెయ్ అనిపిస్తుంది. ఇల్లు సున్నం వేయిస్తూ వైరింగ్ కూడా మార్పించినట్టు.

నేను ఉర్దూ మీడియంలో చదివేటప్పుడు సైన్స్ సార్ ఇనర్షియాను 'జమూద్' అని చెప్పేవారు. డిగ్రీకి వచ్చాక తెలుగులో అది 'జడత్వం' అయింది. రెండు భాషలూ దాన్ని తిట్టినట్టే పిలుస్తాయి. జమూద్ అంటే స్తంభించిపోవడం, జడుడు అంటే మొద్దు. ఫ్లైవీల్ పనే జడత్వం. కానీ అది లేకపోతే ఇంజిన్ ఒక్క నిమిషం నడవదు.

అమ్మీ కుట్టుమిషను గుర్తొచ్చింది నాకు. కాలితో తొక్కే మిషను. పిల్లల లంగాలు, పక్కింటివాళ్ల బురఖాలు కుట్టి మా ఇద్దరి ఫీజులు కట్టిన మిషను. దాని కింద ఇనుప పెద్ద చక్రం ఉంటుంది. పెడల్ పైచివరకో కిందిచివరకో వచ్చినప్పుడు ఒక క్షణం కాలి బలం దేనికీ పనికిరాదు. ఆ క్షణాన్ని దాటించేది చక్రంలో దాగి ఉన్న తిరుగుడే. ఇంజిన్‌లోనూ అంతే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అర చుట్టుకు ఒకసారి పేలుడు. ఒక పేలుడు బలం తగ్గి ఇంకో పేలుడు అందుకునే దాకా బరువైన చక్రం లాక్కెళ్తుంది. చక్రం ఎంత బరువైతే నడక అంత సాఫీ. ఎంత తేలికైతే యాక్సిలరేటర్ మాట అంత తొందరగా వింటుంది, వదిలితే అంత తొందరగా పడిపోతుంది.

హిసాబ్ కూడా చేశాను, కాగితం మీద. ఈ కారు మొదటి గేర్ 3.136, వెనక డిఫరెన్షియల్ 4.1. రెండూ గుణిస్తే, టైరు ఒక చుట్టు తిరిగేలోపు ఇంజిన్ దాదాపు 13 చుట్లు తిరుగుతుంది. ఫ్లైవీల్‌లో తగ్గిన బరువు ప్రభావం ఆ 13కు వర్గం లెక్కన పెరుగుతుంది. తగ్గిన 4 కిలోలు సగటున ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుంటే, మొదటి గేర్‌లో వేగం అందుకునేటప్పుడు కారు నుంచి 70, 80 కిలోలు దించినట్టు. పక్క సీట్లోంచి ఒక మనిషి దిగిపోయినట్టన్నమాట. రెండో గేర్‌లో 28 కిలోలు, మూడో గేర్‌లో 14. ఐదో గేర్‌కు వచ్చేసరికి 5 కిలోలు, ఒక బియ్యం సంచి. హార్స్‌పవర్ మాత్రం ఒక్కటీ పెరగదు.

ఫోన్లో చెబితే తమ్ముడు నవ్వాడు. "నాకు కావాల్సింది ఆ మొదటి రెండు గేర్ల మజాయే కదా భాయ్‌జాన్" అన్నాడు. నిజమే. తేలిక చక్రం ఉన్న ఇంజిన్‌కు రేజ్ ఇస్తే చెయ్యెత్తిన పిల్లాడిలా లేస్తుంది. గేరు దించేటప్పుడు రేజ్ కలపడం సులువు. షౌక్ ఉన్నవాడికి అది వేరే లజ్జత్.

నుక్సాన్ వైపు పోర్షేవాళ్ల ముచ్చట చెప్పాను. 1990ల మొదట్లో 964 తరం 911కు మామూలు కారులో రెండు ముక్కల బరువైన ఫ్లైవీల్, రేసు మనుషుల కోసం చేసిన ఆర్ఎస్‌లో తేలికది. తర్వాత షౌకీన్లు ఆ తేలిక చక్రాన్ని మామూలు కారుకు వేసుకున్నారు. సిగ్నల్ దగ్గరికొచ్చి క్లచ్ తొక్కగానే రేజ్ ధబీమని పడిపోయి ఇంజిన్ ఆగిపోవడం మొదలైంది. కంప్యూటర్‌కు ఆ బరువే అలవాటు మరి. కొందరు చిప్ మార్చుకుని దారికి తెచ్చుకున్నారు. మన మాజ్డా అంత నఖరాలు చేయదు, దాని చక్రం మొదటి నుంచీ ఒకటే ముక్క. కానీ షార్జా వేసవిలో ఏసీ బంద్ చేయలేం. ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఏసీ కంప్రెసర్ టక్కున అందుకుంటే ఇంజిన్ ఒకసారి వంగుతుంది. ఆ వంగడాన్ని ఓర్చుకునేది బరువు చక్రమే.

ఇంకో దారి కూడా తమ్ముడే చెప్పాడు. పక్క గల్లీలో లేత్ మనిషి ఉన్నాడు, పాతదాన్నే రెండు మూడు కిలోలు తురిమిస్తాడు, ఖర్చ్ ఏమీ ఉండదు అన్నాడు. దీనికి మాత్రం నేను గట్టిగా వద్దన్నాను. పోత ఇనుము చక్రాన్ని తోచినట్టు తురిమితే ఎక్కడ పలచనైందో పైకి తెలియదు. వేగం రెట్టింపైతే అంచును చీల్చే బలం నాలుగింతలవుతుంది. ఫ్లైవీల్ తిరిగే చోటు సరిగ్గా నడిపేవాళ్ల పాదాల ముందు. అమెరికాలో డ్రాగ్ రేసుల్లో వేగమైన బండ్లకు పరీక్ష చేసి ముద్ర వేసిన ఫ్లైవీలే వాడాలని, దాని చుట్టూ కవచం ఉండాలని ఖాయిదా ఊరికే పెట్టలేదు. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "హౌ, ఆమె కాళ్లు కదా" అన్నాడు.

మా ఇద్దరి మధ్య నెల రోజులు నడిచిన ఈ చర్చలో నడిపే మనిషిని ఎవరూ అడగలేదు. తేలికదైతే ఆమెకు కష్టమవుతుందని నేను, అలవాటైపోతదని వాడు. ఇద్దరం ఆమె తరఫునే మాట్లాడుతున్నాం.

డిసెంబర్‌లో నాకు షార్జా వెళ్లే పని పడింది. ఖాలా కొడుకు నికా. మొదటి రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గరే తమ్ముడు మళ్లీ ఎత్తుకున్నాడు. దుల్హన్ దాల్చా వడ్డిస్తూ విన్నది. "ఆ చక్రం ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగింది. అమ్మే గిరాకీది కూడా ఇదే మోడల్ కారు, చక్రం ఇంకా అందులోనే ఉంది, కంపెనీది తిరిగి బిగించి కారు అమ్ముకుంటాడని తమ్ముడు చెప్పాడు. "మరి ఆ కారు నేను నడిపి చూస్త" అన్నది. ఇంత సీదా మాట మా ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున ఇండస్ట్రియల్ ఏరియాలో షట్టర్లన్నీ మూసి ఉంటాయి. గిరాకీ తాళాలు ఇచ్చి చాయ్ తాగడానికి పోయాడు. రెండే సీట్లు కాబట్టి తమ్ముడు పక్కన కూర్చున్నాడు, నేను షెడ్డు ముందు నిలబడ్డాను. మొదటిసారి క్లచ్ వదలగానే కారు ఒక ఎగురు ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ ఆగింది. తమ్ముడి చెయ్యి కిటికీలోంచి గాలిలో ఏదో చెబుతూ కనిపించింది. ఆమె దిగి ఇటువైపు వచ్చి తలుపు తీసి "మీరు దిగండి" అన్నది. వాడు దిగాడు. మూడోసారి కొంచెం ఎక్కువ రేజ్ ఇచ్చి క్లచ్‌ను సన్నగా వదిలింది. కారు పోయింది. గల్లీ చివర గేరు మార్చిన చప్పుడు విన్నాం, ఎంత శుభ్రంగా పడిందంటే తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. "సున్నా భాయ్‌జాన్?"

పావుగంట తర్వాత వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నా అంచనా అక్కడే తారుమారైంది. ఆమెకు నచ్చింది. "మస్త్ ఉంది భాయీజాన్, కాలు ఆలోచిస్తే చాలు లేస్తోంది" అన్నది. తమ్ముడు అప్పుడే చక్రం బిగించేసినంత ఖుషీ అయ్యాడు. ఆమె తాళాలు చేతిలో తిప్పుతూ కాసేపు నిలబడింది. లెక్కలో రాని మాట అప్పుడు చెప్పింది.

"పొద్దున పోయేటప్పుడు ఇదైతే మంచిగుంటది. రోడ్డు ఖాళీ, నేను తాజాగా ఉంటా. సాయంత్రం ఆరు పీరియడ్లు నిలబడి వస్తా. ఇత్తిహాద్ రోడ్డు మీద గంటన్నర క్లచ్ తొక్కి తొక్కి ఎడమకాలు నా మాట వినదు. అప్పుడు పాతది నా తప్పును అదే సర్దుకుంటది, దీనికి ఆ సబర్ లేదు." తర్వాత నవ్వి, "పొద్దున ఒక చక్రం, సాయంత్రం ఒక చక్రం వేసే తరీఖా ఉంటే చెప్పండి" అన్నది.

తమ్ముడు వాదించాడు, నిజంగానే వాదించాడు. ఐడ్లింగ్ కొంచెం పెంచుతానన్నాడు, ఏసీ లోడుకు సర్దుబాటు చేస్తానన్నాడు, నెలలో అలవాటవుతుందన్నాడు. కంపెనీ కూడా మొదటి ఇంజిన్‌కు తేలికదే పెట్టింది కదా అని, నేను చెప్పిందే నా ముందు పెట్టాడు. కంపెనీ తేలిక చేసింది కానీ సగానికి సగం కోయలేదని నేనన్నాను. దుల్హన్ ఏమీ అనలేదు. తాళాలు గిరాకీకి ఇచ్చేసి, షెడ్డులో కుర్చీ తుడుచుకుని కూర్చుంది. వాడు రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి "సరే, పాతదే" అన్నాడు.

మంగళవారం రాత్రి గేర్‌బాక్స్ దించాడు. పాత చక్రం ముఖాన్ని లేత్ మీద పైపైన ఒక పొర తీయించాడు, క్లచ్ ప్లేట్ సమంగా పట్టడానికి. బరువు తగ్గించే తురుముడు కాదిది, ముఖం నునుపు చేయడమే. కొత్త క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్. నేను టార్చ్ పట్టుకున్నాను, నా వల్ల అయ్యేది అదే. బోల్టులు ఎదురెదురుగా, వరస తప్పకుండా, టార్క్ పానాతో టక్‌మనేదాకా బిగించాడు. బోధన్ ఉస్తాద్ దగ్గర ఈ పానా లేదట, ఆయన చెవి దగ్గర పెట్టుకుని బోల్టు చప్పుడును బట్టి చెప్పేవాడట. పన్నెండున్నరకు బండి కిందికి దిగింది. పొద్దున దుల్హన్ దాంట్లోనే నౌకరీకి పోయింది.

నాలుగు కిలోల చక్రాన్ని మాత్రం తమ్ముడు కొనేశాడు. సగం ధరకు వచ్చిందన్నాడు. పాత పేపర్లో చుట్టి దీవాన్ కింద, సూట్‌కేసుల వెనక పెట్టాడు. నేను తిరిగొచ్చే రోజు ఆమె గది ఊడుస్తుంటే చీపురు దానికి తగిలి ఠంగుమంది. ఆమె వంగి చూసి, దాన్ని ఇంకొంచెం లోపలికి జరిపి ఊడ్చుకుంటూ పోయింది.