గంటకు 18 కిలోమీటర్ల విమానం

చెల్లి పెళ్లికి ఇంకా నాలుగు రోజులే. మూడేళ్ల తర్వాత ఇంటికెళ్తున్నా. జనవరి రాత్రి, షికాగో ఒహేర్ ఎయిర్‌పోర్టు. కిటికీ బయట మంచు పైనుంచి కాదు, అడ్డంగా కొడుతోంది. గాలి విసురుగా వచ్చినప్పుడల్లా నేల మీదున్న విమానమే ఊగుతోంది.

"బయల్దేరావా?" అమ్మ వాట్సాప్.

"ఎక్కా. ఇంకా కదల్లేదు."

కదిలాక ఇంకా చిరాకేసింది. ముందు మంచు వదిలించే చోట ఆగాం. రెక్కల మీద మొదట నారింజ రంగు ద్రవం కొట్టారు. అది పేరుకున్న మంచును వదిలిస్తుంది. తర్వాత ఆకుపచ్చది. అది కొత్త మంచు అంటకుండా కాసేపు కాపాడుతుంది. ఆ గడువు దాటితే మళ్లీ మొదటికే! మరి త్వరగా పోవాలిగా? మావాడేమో నత్తనడక. ఫోన్లో స్పీడ్ యాప్ తెరిస్తే గంటకు 18 కిలోమీటర్లు. అంటే 10 నాట్లు. మలుపుల్లో అదీ లేదు. గల్ఫ్‌లో నా కనెక్షన్ ఫ్లైటు పోయినట్టే అని లోపల తిట్టుకున్నా.

ఆ తిట్లు ఎంత తప్పో తర్వాత చదివితే తెలిసింది.

విమానం చక్రాలకు కారులా ఇంజిన్ పవర్ రాదు. జెట్ ఇంజిన్లు నెడితే అవి ఊరికే దొర్లుతాయంతే. నేల మీద తిప్పడానికి ముందు చక్రమే దిక్కు. కెప్టెన్ పక్కనుండే చిన్న స్టీరింగుతో దాన్ని తిప్పుతారు. మంచు మీద ఆ చక్రం తిరుగుతుంది, విమానం మాత్రం తిన్నగా పోతుంది! నల్లరేగడి బురదలో సైకిల్ తొక్కినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఏడో తరగతిలో నేను అలాగే కాలవలో పడ్డా.

దీనికి గాలి తోడైతే? నిలువుగా ఉండే తోక తెరచాపలా గాలిని పట్టేస్తుంది. తోక పక్కకి పోతే ముక్కు గాలివైపు తిరుగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు జారతాయి. ఇంజిన్ పెంచితే వెనకున్నవాళ్ల మీదికి మంచు, బురద ఎగురుతాయి. అందుకే మలుపుకి చాలా ముందే స్పీడు తగ్గిస్తారు, స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పుతారు, ముందు విమానానికి దూరంగా ఉంటారు. చక్రాలు చిమ్మే బురద మంచు ఫ్లాప్స్‌కి అంటుకోకుండా, వాటిని టేకాఫ్ దగ్గర పడేదాకా దించరు.

ఇదంతా అతిజాగ్రత్త అనుకోకండి. 2020 జనవరిలో కాన్సస్ సిటీలో ఓ విమానం ఎగరకముందే, ట్యాక్సీవే మీదే జారి ముందు చక్రం పక్కకి దిగిపోయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

అనుకున్నట్టే కనెక్షన్ పోయింది. చెల్లిని పెళ్లికూతుర్ని చేస్తుంటే ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చుని వీడియో కాల్లో చూశా. నలుగు పెట్టేటప్పుడు అది కెమెరా వైపు చూసి ఏడ్చేసింది. నేనూ ఏడ్చా, పక్కనాయన చూడకుండా.

మొత్తానికి పెళ్లికి ముందురోజు శంషాబాద్‌లో దిగా. కార్లో నాన్నకి ఈ కథంతా చెప్పా. విని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు:

"మరి కాలవలో పడ్డరోజు నువ్వెంత స్పీడులో పోయావురా?"