ముఖం మార్చిన ట్రాక్టర్

పాత ట్రాక్టర్‌కు లోడర్ బిగించాలంటే బండి ముఖాన్నే తిప్పేయడం మేలని నా నమ్మకం. అమెరికాలో 1939 నుంచి 1952 దాకా తయారైన ఫార్మాల్ ఎం లాంటి ట్రాక్టర్లను కొందరు రైతులు ఇలాగే మార్చుకున్నారు. లోడర్‌ను ఇంజిన్ ముందు పెడితే, బకెట్ నిండగానే భారమంతా చిన్న చక్రాల మీద, వాటి బేరింగుల మీద పడుతుంది. బండిని నడిపించాల్సిన పెద్ద చక్రాలేమో తేలికై జారిపోతాయి. అదే లోడర్‌ను వెనుక అమర్చి, సీటూ స్టీరింగూ అటు తిప్పితే, భారం గట్టి ఇరుసు మీదికి వస్తుంది, అవతలి కొసన ఇంజిన్ ఎదురు బరువుగా నిలుస్తుంది. పైగా కుప్పలోకి దూసుకెళ్లేటప్పుడు చక్రాల తోపుకు ఎదురుగా పుట్టే బలం ఇంజిన్ వైపును నేలకు అదుముతుంది. ఇంత చక్కటి పొందిక మామూలు అమరికలో దొరకదు.

ఫార్మాల్ ఎంకు ఉన్నది ఒక్క రివర్స్ గేరే కదా, పనెలా సాగుతుందని అడగవచ్చు. డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీల్‌ను పినియన్‌కు అవతలి పక్కకు మార్చే వీలుంటే, ముందుకు నడిపే ఐదు గేర్లూ కొత్త దిక్కుకు పనికొస్తాయి. ఇంజిన్ తిరిగే దిశ మారదు గనుక హైడ్రాలిక్ పంపుకు ఇబ్బంది లేదు. అన్ని బండ్లలోనూ ఆ చోటు ఉండదు. విప్పి చూశాకే పూనుకోవాలి. అసలు బరువైన అభ్యంతరం స్టీరింగ్‌ది. చక్రాలు తిన్నగా నిలవడానికి పెట్టిన వాలు, నడక దిక్కు మారితే ఎదురు తిరుగుతుంది. మలుపులో వెనుక భాగం బయటికి ఊగుతుంది. అందుకే ఈ బండి దొడ్డిలో పేడ ఎత్తడానికి, మట్టి తోయడానికే. పై గేర్లు పడకుండా అడ్డు పెట్టాలి, రోడ్డెక్కించకూడదు.